అసలు రుచి పోని బిళ్ళ

మా ఉప్పు ఊరు జిగాంగ్‌లో లెంగ్ బింగ్‌కున్ పేరెత్తితే ఎవరైనా ఆయన కళ్ళ గురించే చెబుతారు. ఆయన భార్య చేతుల గురించి ఎవరూ చెప్పరు. ఆమె పేరు గ్వీరోంగ్. ఉప్పు కార్ఖానాలో గోనె సంచులు కుట్టీ కుట్టీ వేళ్ళు వంకర్లు పోయాయి. ఆ కార్ఖానా మూతపడ్డాక ముల్లంగి ఊరగాయ పెట్టి అమ్మింది. మొగుడి పేరు ఊరంతా మోగిపోయేలా చేసిన పనొకటి ఆ చేతులే చేశాయి. ఆ సంగతి ఆమె నోటంట విన్నవాళ్ళందరూ నవ్వారు.

పెళ్ళయిన రెండో ఏడు మొగుడు కొత్త సైకిలు మీద పనికి వెళ్ళి, సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ రోజుల్లో సైకిలంటే మాటలా? కార్ఖానా వాళ్ళు చీటీ ఇస్తేగాని దొరికేది కాదు. ఎవడో కొట్టేశాడనుకుని గ్వీరోంగ్ లబోదిబోమంది. ఆయన నవ్వుతూ చొక్కా లోపలి జేబులోంచి నూనె కాగితం పొట్లం తీశాడు. పాత ఉప్పు వర్తకుల ఇల్లొకటి పడగొడుతుంటే గోడలో దొరికిందట, ఒక వెండి బిళ్ళ. సైకిలిచ్చి దాన్ని తెచ్చుకున్నాడు. దాని మీద మీసాలూ, గుండులా పొట్టిగా కత్తిరించిన జుట్టూ ఉన్న పాతకాలపు అధ్యక్షుడి తల. ఊరంతా "పెద్దతల" అని పిలిచే బిళ్ళే. పెద్దతలలు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి గానీ అవన్నీ చేతులు మారి, జేబుల్లో నలిగి, చెవి పైన వెంట్రుకలు అరిగిపోయిన తలలు. ఇది మాత్రం నిన్ననే అచ్చు కింద నుంచి బయటికొచ్చినట్టుంది.

"చూడవే, దీన్ని ఎవడూ ఖర్చుపెట్టలేదు. పుట్టింది, పోయి గోడలో పడుకుంది. అసలు రుచి అలాగే ఉంది," అన్నాడు లెంగ్.

"రుచేంటి? నాకి చూశావా?"

"కడగని, తోమని, తుడవని బిళ్ళకి అసలు రుచి ఉందంటారు. ఒక్కసారి కడిగామా, పోయిందే. మళ్ళీ రమ్మంటే రాదు."

"సైకిలు కూడా మళ్ళీ రమ్మంటే రాదు," అంది గ్వీరోంగ్.

పొయ్యి దగ్గర్నుంచి అత్తగారు అందుకుంది. "ఊళ్ళో మగాళ్ళు సైకిలిచ్చి కుట్టు మిషన్ తెచ్చుకుంటారు. నా కొడుకు ఇంకో మగాడి తల తెచ్చుకున్నాడు."

లెంగ్ నవ్వలేదు. పొట్లం మళ్ళీ కట్టి పెట్టె అడుగున పెట్టాడు. "దీని జోలికి ఎవరూ పోవద్దు. చెమట వేలు తగిలినా ఆ ముద్ర చచ్చేదాకా ఉంటుంది," అన్నాడు.

హైబో పుట్టాడు. వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా, చలికాలం వానల్లో, జ్వరం పట్టుకుంది. లెంగ్ అప్పుడు బిళ్ళల మార్పిడి పని మీద నెయ్‌జియాంగ్ వెళ్ళి ఉన్నాడు. కార్ఖానా ఆసుపత్రి డాక్టరమ్మ పొద్దున సూది వేసి, పొట్లాలు ఇచ్చి, రేపు మళ్ళీ తీసుకురమ్మంది. తగ్గినట్టే తగ్గి, మధ్యాహ్నం అన్నాల వేళకి పిల్లాడి ఒళ్ళు మళ్ళీ కాలిపోయింది. పిలిస్తే పలకడు. కళ్ళు తేలేస్తున్నాడు.

అత్తగారు అప్పటికే కోడిగుడ్లు ఉడకేసింది. పిల్లలకి జ్వరమొస్తే వేడి గుడ్డు దొర్లించడం అందరూ చేసేదే. పచ్చసొన తీసేసి, ఆ చోట ఉల్లికాడ, అల్లం ముక్క, ఏదైనా వెండి వస్తువు పెట్టి, చేతిరుమాల్లో మూటగట్టి, ఆ వేడి మీదే నుదురు, వీపు, అరచేతులు, అరికాళ్ళు రుద్దుతారు. లోపలున్న చెడుగాలిని వెండి లాగేసుకుంటుంది. వెండి ఎంత నల్లబడితే జ్వరం అంత బయటికొచ్చినట్టు.

"వెండి తేవే," అంది అత్తగారు.

"మనింట్లో వెండెక్కడిది అత్తమ్మా?"

"నా కడియాలు కరువు రోజుల్లో బియ్యమైపోయాయి. ఆ బియ్యం తినే మీ ఆయన బతికాడు. పెట్టెలో ఉందిగా ఆ గుండోడి తల. అది తియ్యి."

గ్వీరోంగ్ పెట్టె వైపు చూసింది. "ఆయన నన్ను చంపేస్తాడు."

"బిడ్డ కావాలా, బిళ్ళ కావాలా?"

ఇక గ్వీరోంగ్ ఆగలేదు. పెట్టె తెరిచి, బట్టలన్నీ నేల మీద కుమ్మరించి, పొట్లం విప్పింది. మొదటి గుడ్డుకి బిళ్ళ అంచున బంగారపు రంగు వచ్చింది. రెండో దానికి మెడ దగ్గర ఊదా, బుగ్గ మీద నెమలి మెడ నీలం. అంత అందమైన రంగులు ఆమె పట్టు బట్టల మీద కూడా చూడలేదు. చూస్తుంటే ఏడుపొచ్చింది. తర్వాతి గుడ్లకి బిళ్ళ మొత్తం మూకుడు అడుగులా నల్లబడిపోయింది. చీకటి పడకముందే పిల్లాడికి చెమటలు పోశాయి. కళ్ళు తెరిచి గంజి అడిగాడు. సూది పనిచేసిందో, వెండి పనిచేసిందో! తల్లి మాత్రం తన చేతుల్లో నల్లబడ్డదాన్నే నమ్మింది.

మర్నాడు అత్తగారు అల్యూమినియం గిన్నెలో మరిగే నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు, నూడుల్స్ పిండిలో కలిపే సోడా వేసి, "ముంచు," అంది. గిన్నెలో బుడగలు లేచాయి. ఇల్లంతా కుళ్ళిన గుడ్డు వాసన. కాసేపటికి నలుపంతా ఊడిపోయి, బిళ్ళ మంచుముద్దలా తేలింది. గ్వీరోంగ్ ఊపిరి బిగబట్టి దాన్ని దూదితో అద్ది, నూనె కాగితంలో చుట్టింది.

"ఇంక నోరెత్తకు. కడుపులో పెట్టుకో," అంది అత్తగారు.

గ్వీరోంగ్ అలాగే పెట్టుకుంది. అత్తగారు కాలం చేసింది. హైబో పెద్దవాడై సిటీ బస్సు నడుపుతున్నాడు, పెళ్ళాం పిల్లలతో నది అవతలి గట్టున ఉంటాడు. బిళ్ళ కర్పూరం చెక్క పెట్టెలోకి మారింది. ఆ పెట్టె తాళం తీసిన చప్పుడు వినబడితే చాలు, గ్వీరోంగ్ ఏదో పనున్నట్టు పెరట్లోకి పోయేది. మూత మళ్ళీ పడేదాకా లోపలికి వచ్చేది కాదు.

కార్ఖానా పోయాక లెంగ్‌కి బిళ్ళలే బతుకైపోయాయి. నది ఒడ్డున జెంగ్ వదిన నడిపే టీ కొట్టులో కిటికీ పక్క వెదురు కుర్చీ ఆయనది. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే జెంగ్ వదిన నీళ్ళ కెటిల్ పట్టుకుని వచ్చి లేపేసేది. ఊళ్ళో ఎవరి దగ్గర బిళ్ళ ఉన్నా ఆయన చూసి, అది ఎంత చెడకుండా ఉందో పాళ్ళల్లో చెప్పాల్సిందే. పదికి తొమ్మిది పాళ్ళు, ఎనిమిదిన్నర పాళ్ళు. ఆ మాట మీదే కొనడం, అమ్మడం. బిళ్ళని అంచు పట్టుకుని కిటికీ వెలుగులో నెమ్మదిగా వంచేవాడు. ముట్టని బిళ్ళైతే వెలుగు బండిచక్రంలా దాని మీద గిర్రున తిరుగుతుంది. కడిగిన బిళ్ళ మీద వెలుగు కదలదు, చచ్చిన చేప కన్నులా నిలబడిపోతుంది. తర్వాత చెవి పైన వెంట్రుకలు, భుజం మీద కుచ్చులు, వెనకవైపు గోధుమ కంకుల ముళ్ళు చూసేవాడు. తలలో ఎక్కువ ఎత్తుగా ఉండేది ఆ వెంట్రుకలే కాబట్టి ముందు అరిగేదీ అవే.

"రంగురంగులుగా ఉంది, ఎంత బాగుందో," అని ఎవరైనా తెస్తే ఒకసారి చూసి పక్కన పెట్టేసేవాడు. "గుడ్డు తిన్న బిళ్ళ," అనేవాడు. ఉడికిన గుడ్డుతో రంగులెక్కించి, వందేళ్ళ పొర అని చెప్పి అంటగట్టేవాళ్ళుంటారు. ఆ మోసానికి కొట్టులో అదే పేరు. ఆ మాట వినబడినప్పుడల్లా వెనక బల్ల దగ్గర పేకాడుతున్న గ్వీరోంగ్ చేతిలో ముక్కలు తడిసేవి.

ఒకసారి ఫూషున్ పల్లెల నుంచి ఓ ముసలామె వచ్చింది. ఆయనకి చూపించాలి కదా, మురికిగా ఉంటే ఏం మర్యాద అని, తన బిళ్ళని టూత్‌పేస్ట్ పెట్టి తళతళా తోముకుని తెచ్చింది. లెంగ్ దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

"ఇది బిళ్ళ కాదమ్మా, కట్టుడు పన్ను. నోట్లో పెట్టుకో."

కొట్టంతా గొల్లుమంది. ముసలామె కూడా అర్థంకాక కాస్త నవ్వింది. అర్థమయ్యాక బిళ్ళని రుమాల్లో చుట్టుకుని, పోసిన టీ ముట్టకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు గ్వీరోంగ్ మొగుడితో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడట్లేదో ఆయన అడగలేదు.

తర్వాత డబ్బా బిళ్ళలు వచ్చాయి. షాంఘైలో ఒక కంపెనీకి బిళ్ళ పంపిస్తే, వాళ్ళు దీపాల కింద పెట్టి చూసి, డెబ్బైకి ఇన్ని అని అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసి పంపుతారు. కడిగినట్టు తేలితే అంకె ఇవ్వరు. "కడిగింది" అని రాసి పంపేస్తారు, ఇక దాని మొహం ఎవరూ చూడరు. ఈ డబ్బాలు మా ఊరికి తెచ్చినవాడు ఔయాంగ్ అనే కుర్రవ్యాపారి. మెళ్ళో భూతద్దం, చేతిలో రెండు ఫోన్లు.

"లెంగ్ మామా, నువ్వు తొమ్మిదిన్నర పాళ్ళంటావు. బయట ఊరివాడికి నీ పాళ్ళేం తెలుసు? నువ్వెవరో వాడికేం తెలుసు? డబ్బా మీద అంకె ఉంటే ఎక్కడివాడైనా కళ్ళు మూసుకుని కొంటాడు," అన్నాడు ఒకరోజు.

"కళ్ళు మూసుకుని కొనేవాడికి బిళ్ళెందుకురా? ఉత్త డబ్బా అమ్మెయ్."

కొట్టులో నవ్వులు. ఔయాంగ్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే ఆ గోడలో దొరికిన పెద్దతల నీ దగ్గరుందిగా, ఊరంతా చెప్పుకునేది. దాన్ని పంపు మరి. ఏం, భయమా?"

 లెంగ్ నెమ్మదిగా గిన్నె మూతతో టీ ఆకులు పక్కకి తోసి, ఒక గుక్క తాగాడు. "పంపుతాను. కడిగిందని వచ్చిందా, ఈ కుర్చీ నీది. నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కను, చచ్చేదాకా బిళ్ళ పట్టుకోను. అందరూ విన్నారుగా?"

వెనక బల్ల దగ్గర గ్వీరోంగ్ వెయ్యకూడని ముక్క వేసేసింది. "ఏంటమ్మా, నీ ముక్కలొదిలేసి మొగుడి ముక్కలు చూస్తున్నావా?" అని పక్కనామె కసిరింది.

గ్వీరోంగ్‌కి ఆ మాట వినబడలేదు. ఆ కుర్చీ పోతే ఆయన దగ్గర ఏముంది? పింఛను అంతంతమాత్రం, స్నేహితులంతా అక్కడే, పొద్దున లేస్తే వెళ్ళే చోటు అదొక్కటే. ఆ కుర్చీ కాళ్ళు తనే, తన ఉప్పూ సోడాలతో, ఎప్పుడో కోసేసింది.

అన్నం దగ్గర చెప్పేసింది. ఉపోద్ఘాతం ఏమీ లేకుండానే.

"హైబో నాన్నా, ఆ బిళ్ళ పంపకు. అది కడిగిన బిళ్ళ. నేనే కడిగాను."

"ఎప్పుడు? గిన్నెలతో పాటా?" అన్నాడు ఆయన ముల్లంగి ముక్క నములుతూ.

ఆమె అంతా చెప్పింది. వాన, జ్వరం, గుడ్లు, నలుపు, గిన్నె, వాసన. ఆయన అన్నం తినే పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టి విన్నాడు. విని నవ్వాడు.

"నీకు వయసొచ్చేసిందే. అమ్మ ఏ కడియంతోనో దొర్లించి ఉంటుంది."

"అత్తమ్మకి కడియాలెక్కడివయ్యా?"

"అయితే ఇంకో బిళ్ళై ఉంటుంది. అప్పట్లో అరిగిపోయిన పెద్దతలలు ఒకటో రెండో ఉండేవిగా ఇంట్లో."

"నూనె కాగితంలోంచి నా చేత్తో తీశానయ్యా! నా చేత్తో!"

"ఇన్నేళ్ళుగా ఆ బిళ్ళ చూస్తున్నాను. ఊరందరి బిళ్ళల మీదా కడిగిన జాడ పట్టేవాణ్ణి, నా బిళ్ళ మీద పట్టలేనా? నీ మాట నమ్మి నా కళ్ళు కాదనుకోమంటావా?" అని పుల్లలు తీసుకుని తినేశాడు.

ఇంకేం చెబుతుంది? ఆమె దగ్గర సాక్ష్యం అంటే ఒక్క కొడుకే. మర్నాడు బస్సు ఆఖరి స్టాపులో వాణ్ణి పట్టుకుంది. హైబో సీట్లో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు.

"నీకు గుర్తుంది కదరా? చిన్నప్పుడు గుడ్డు దొర్లించాను, వీపంతా ఎర్రగా కందిపోయింది..."

"నాలుగేళ్ళప్పటిది నాకేం గుర్తుంటుందమ్మా? నాన్నతో గొడవ పెట్టుకోకు. నన్ను మధ్యలోకి లాగకు," అని ఇంజిను స్టార్ట్ చేశాడు.

బిళ్ళ షాంఘై వెళ్ళిపోయింది. గ్వీరోంగ్‌కి తిండి సయించలేదు. ఊరగాయ సీసాల్లో ఉప్పు రెండుసార్లు వేసి ఒక వాయి మొత్తం పారబోసుకుంది. ఒకరోజు ఉండబట్టలేక ఔయాంగ్‌ని వీధిలో ఆపి, ఎవరిదో సంగతన్నట్టు అడిగింది. "సోడాలో ముంచిన బిళ్ళని డబ్బావాళ్ళు పట్టేస్తారా నాయనా?"

"అబ్బో, వాళ్ళ దగ్గర లేని యంత్రం లేదత్తా. నిన్న దగ్గితే ఇవాళ బిళ్ళ మీద కనబడుతుంది వాళ్ళకి."

ఆ రోజు ఇంటికెళ్ళి ఆయన పాత కోటు బయటికి తీసింది. చలికాలంలో ఇంట్లోనే కూర్చుంటాడుగా, కావాలి కదా అని.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం ఆమె ఊరగాయ సీసాలు మోసుకుంటూ టీ కొట్టు మెట్లెక్కుతోంది. లోపల ఒక్కసారిగా కేకలు. ఆమె సీసాలు పక్కన దించి మెట్టు మీదే కూర్చుండిపోయింది. జెంగ్ వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది.

"వదినా, లే! అరవై అయిదు! ఔయాంగ్ ఫోనుకి ఫొటో వచ్చింది. వాడి బిళ్ళల్లో ఒక్కదానికైనా అంత రాలేదు! మొహం చూడాలి వాడిది!"

గ్వీరోంగ్ ఏడ్చింది. మొగుడి గౌరవం నిలబడిందని సంతోషంతో ఏడుస్తోందనుకుని జెంగ్ వదిన వీపు రాసింది. అదే నిజం కూడా. ఆ క్షణాన ఆమెకి ఇంకో ఆలోచన లేదు.

ఆ సాయంత్రం అల్లం, పచ్చిమిర్చి దట్టించి కుందేలు వండింది. లెంగ్ రెండు గ్లాసులు సారా పోసుకుని, ఎప్పుడూ లేనిది, ఆమెకీ ఒకటి పోశాడు.

"పోనీలే, డబ్బావాళ్ళకీ కనబడలేదు. గండం గడిచింది," అంది గ్వీరోంగ్ గుండె మీద చెయ్యేసుకుని.

లెంగ్ పళ్ళ సందులో ఇరుక్కున్న ఎముక తీసుకుంటూ, "కనబడదని నాకు తెలుసు," అన్నాడు.

"అంటే?"

"అల్యూమినియం గిన్నె, ఉప్పు, సోడా. గీత పడదు, వెండి పోదు. నలుపొక్కటే పోతుంది. తర్వాత కర్పూరం పెట్టెలో ఇన్నేళ్ళు పడుకుంటే కొత్త పొర కడుతుంది. అలాంటివి బోలెడు డబ్బాల్లోకి పోతున్నాయి."

గ్వీరోంగ్ పుల్లలు కింద పెట్టింది. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నెయ్‌జియాంగ్ నుంచి వచ్చిన రోజే. పొట్లం విప్పగానే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే కడిగిన బిళ్ళ అవుతుంది."

"నాకు చెప్పినా?"

"ఎవరికి చెప్పినా అంతే. మాట బయటికొచ్చాక బిళ్ళ మునపటిలా ఉండదు."

"మొన్న నేనే చెప్పాను కదయ్యా, ఇక్కడే కూర్చుని!"

"నువ్వు చెప్పావు. నేను వినలేదు."

ఆమె సారా గ్లాసు దూరంగా జరిపింది. "నువ్వు ఆ పెట్టె తెరిచినప్పుడల్లా నేను పెరట్లోకి పోయేదాన్ని. తెలుసా?"

"తెలుసు."

"ఆ ముసలామె బిళ్ళని కట్టుడు పన్నన్నావు. అందరి ముందూ."

"టూత్‌పేస్ట్ పెట్టి తోమిందే ఆమె. బిళ్ళ నిండా గీతలు. నీది అలా కాదు." ఆయన గొంతు మెత్తబడింది. ఊరడిస్తున్నాననే అనుకున్నాడు పాపం. "నువ్వు చాలా బాగా కడిగావే. ఇన్నేళ్ళలో ఇన్ని బిళ్ళలు చూశాను, అంత బాగా కడిగింది చూడలేదు. మంచి చేతిపని."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే గ్వీరోంగ్ అంతటితో ఊరుకునేదేమో. పిల్లాడు కళ్ళు తేలేస్తుంటే, తను ఏడుస్తూ, చేతులు కాలుతుంటే రుద్దగా నల్లబడ్డ బిళ్ళ అది. బిడ్డ దక్కాడని గానీ, నువ్వు భయపడి ఉంటావని గానీ ఆయన అనలేదు. పాళ్ళు వేశాడు, అంతే.

నాలుగు రోజులకి డబ్బా వచ్చింది. టీ కొట్టులో పండగ. జెంగ్ వదిన వేరుశెనగలు, ఉడికించిన పందిచెవులు పెట్టింది. ఔయాంగ్ ఓడిపోయానని సిగరెట్లు పంచాడు. డబ్బా చేతులు మారుతోంది. లోపల పెద్దతల, పైన పల్చటి తేనెరంగు పొరతో, ఎవరి వేలికీ అందకుండా, గాజులో చేపలా ఉంది. అది వెనక బల్ల దగ్గరికి వచ్చింది. గ్వీరోంగ్ చేతికి వచ్చింది. ఆమె దాన్ని తిప్పి చూడలేదు. లేచి నిలబడింది.

"ఇది కడిగిన బిళ్ళ," అంది. "హైబోకి జ్వరమొస్తే దీన్ని గుడ్డులో పెట్టి దొర్లించాను. నల్లబడింది. సోడా వేసి కడిగాను."

 ముందు ఎవరో నవ్వారు, ఆ వెంటనే అందరూ నవ్వారు.

"అదన్నమాట, గుడ్డు తిన్న బిళ్ళ! మామా, ఇంట్లోనే ఉంది రంగులెక్కించే కంపెనీ!" అన్నాడు ఔయాంగ్.

"వదిన పేకలో కూడా ఇలాగే పందెం పెంచుతుంది," అంది జెంగ్ వదిన.

"నవ్వకండి. నిజం చెబుతున్నాను. ఈయనకి కూడా తెలుసు," అంది గ్వీరోంగ్.

ఔయాంగ్ డబ్బా అందుకుని ఆమెకి అందులో అంకె వేసిన చీటీ చూపించాడు, చిన్నపిల్లకి అక్షరాలు చూపించినట్టు. "అత్తా, ఇక్కడ చూడు. కడిగితే కడిగిందని రాస్తారు. రాయలేదుగా? ఇంకేదో బిళ్ళై ఉంటుందిలే. చాలా కాలమైంది కదా."

"మామని అడగండయ్యా. ఈ కొట్టులో చివరి మాట ఎవరిది?" అన్నారు వెనకనుంచి.

అందరూ కిటికీ వైపు తిరిగారు. కెటిల్ పట్టుకుని జెంగ్ వదిన కూడా ఆగిపోయింది. లెంగ్ డబ్బా తీసుకున్నాడు. అలవాటు ప్రకారం వెలుగులో నెమ్మదిగా వంచాడు. వెలుగు తలచుట్టూ గిర్రున తిరిగింది. అప్పుడు ఆయన గ్వీరోంగ్ వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. పెళ్ళాడి ఇన్నేళ్ళైనా ఆయన్ని ఆమె తన కోసం ఏదీ అడిగి ఎరగదు. ఇప్పుడు కూడా అడగలేదు, చూసిందంతే. కావాల్సింది ఒక్క మాటే. ఔననడానికి ఆయనకి ఎంత సేపు పడుతుంది?

లెంగ్ డబ్బా బల్ల మీద పెట్టాడు.

"అసలు రుచే," అన్నాడు.

కొట్టు హోరెత్తింది. ఎవరో ఆయన గిన్నెలో వేడి నీళ్ళు పోశారు. ఎవరో టపాకాయలు కొనుక్కు రమ్మన్నారు. గ్వీరోంగ్ తన ముక్కలు బోర్లా పెట్టి, కుర్చీ వెనక్కి జరిపింది.

"ఎక్కడికి వదినా? టీ తాగి వెళ్ళు," అంది జెంగ్ వదిన.

"మీరు తాగండమ్మా. నాకు రుచులు తెలియవట కదా," అని మెట్లు దిగిపోయింది.

ఆమె ఇల్లు వదిలిపోలేదు. ఆ వయసులో ఎక్కడికి పోతుంది? ఆయనకి వేళకి వండి పెడుతుంది. ఆయన తిన్నాక తను తింటుంది. అత్తగారి పాత గదిలో పడుకుంటుంది. లెంగ్ డబ్బాని ముందు గదిలో, అద్దాల బీరువా పైన నిలబెట్టాడు, వచ్చినవాళ్ళకి కనబడేలా. గ్వీరోంగ్ ఇల్లంతా తుడుస్తుంది, ఆ బీరువా ఒక్కటి తుడవదు. దుమ్ము పేరుకుపోయి ఇప్పుడు లోపల ఏ తల ఉందో కూడా సరిగా కనబడదు. ఎవరైనా వస్తే లెంగ్ చొక్కా చేతితో డబ్బా తుడిచి చూపిస్తాడు. ఈ మధ్య ఎవరూ రావడం లేదు.